బుడ్డదాని తోబుట్టువులు

ఆ వీధిలో ఆమెను అందరూ పళ్లావిడ అంటారు. ఆ మాట విని, మేడ మీద ఎవరో పళ్లు అమ్ముతున్నారనుకుని సంచీ పట్టుకుని మెట్లెక్కిన వాళ్లూ ఉన్నారు. తలుపు పక్క బల్ల మీద, పని కోసం ఇంటికి తెచ్చుకున్న ప్లాస్టర్ దవడలు వరసగా ఇకిలించుకుని ఉండటం చూసి, ఎక్కిన దానికంటే వేగంగా దిగిపోయేవారు. ఆమె పనిచేసేది కట్టుడుపళ్ల ల్యాబులో. డాక్టర్లు పంపిన అచ్చులకు సరిపోయేలా పింగాణీ పళ్లు చేసివ్వడం ఆమె పని. ఇరవై ఆరేళ్లుగా ఊళ్లో సగంమంది ఆమె చేసిన పళ్లతోనే నవ్వుతున్నారు. ఆమె మాత్రం నవ్వి చాలా కాలమైంది.

ఆ రోజు పొద్దున్న డాబా మీదికి వెళ్లిన మనిషి చెంబు చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మూల కుండీలో ఉన్న కూజా మొక్క తీగ కొసన, ఆకుల మధ్య నుంచి వేలెడంత కాడ ఒకటి పైకి వచ్చింది. దాని నిండా ఆవగింజలంత మొగ్గలు.

"వచ్చావా తల్లీ!" అంది పైకే.

కూజా మొక్కను చూడని వాళ్లకు చెప్పాలంటే, దాని ప్రతి ఆకు చివరా ఒక సన్నటి తాడు వేలాడుతుంది. ఆ తాడు చివర మూత ఉన్న కూజా. అంచున తియ్యటి తడికి ఆశపడి వచ్చిన చీమా దోమా కాలు జారి లోపల పడి మునుగుతాయి. మొక్క వాటిని అరిగించుకుని తాగుతుంది. కింది వాటాలో ఉండే ఇంటి యజమానురాలు దాన్ని రాక్షసి అంటుంది. పైకి వచ్చినప్పుడల్లా చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని దూరంగా నడుస్తుంది, అదేదో కాలు పట్టుకు లాగేస్తుందన్నట్టు. ఈ మొక్కల్లో ఆడా మగా వేరు వేరు. పూసేదాకా ఏది ఏదో తెలియదు. కానీ ఈ మొక్క సంగతి పళ్లావిడకు బాగా తెలుసు. ఇది ఆడది. బుడ్డదాని తల్లి.

బుడ్డదాని గురించి చెప్పాలంటే ఏడేళ్లు వెనక్కి వెళ్లాలి. ఆమెకు అటు వెళ్లాలని ఉండదు. అయినా రోజుకోసారి వెళ్లి రాకుండా ఉండలేదు.

అప్పుడు ఈ మేడ మీద అక్కాచెల్లెళ్లు ఇద్దరూ ఉండేవారు. చెల్లి ఆరేళ్లు చిన్నది. తల్లి తొందరగా పోవడంతో దానికి జడలు వేసింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, బడి కాగితాల మీద సంతకాలు పెట్టింది అక్కే. తండ్రి ఆసుపత్రిలో కాంపౌండరు. పొద్దస్తమానం మందుపొడి పొట్లాలు కట్టే మనిషి. ఆయన పొట్లం కట్టే తీరు వేరు. నాలుగు మడతలు వేసి, చివరి కొసను లోపలికి దోపి, మళ్లీ బయటికి ఒక చిన్న చెవిలా తీసేవాడు. రోగి వణికే చేతులతో కూడా ఆ చెవి పట్టి లాగితే చాలు, పొడి ఒలక్కుండా విచ్చుకునేది. ఆయన ఆస్తి అంటూ ఏమీ ఇవ్వలేదు. ఆ మడత మాత్రం కూతుళ్లిద్దరికీ నేర్పి పోయాడు.

చెల్లికి వాతావరణ కార్యాలయంలో ఉద్యోగం. ఎంత వాన పడిందో కొలిచి రాయడం దాని పని. ఆఫీసులో వాన కొలిచి ఇంటికొచ్చి డాబా మీద వాన పట్టేది. కూజా మొక్కల పిచ్చి దానిది. ఆడ మొక్క ఆకుపచ్చది, డాబా మీద ఉండేది. మగ మొక్క కూజాల అంచున ఎర్ర పెదవులున్నది, ఆఫీసు కిటికీలో ఉండేది. ఏళ్లపాటు ఒకటి పూస్తే రెండోది పూసేది కాదు. చివరికి రెండూ ఒకే నెలలో పూసినప్పుడు ఆఫీసు నుంచి పుప్పొడి పొట్లం కట్టి తెచ్చి, అక్క పింగాణీకి రంగులద్దే సన్నటి కుంచె అడిగి తీసుకుని, పువ్వుల మీద అద్దింది. మొలిచినవి పదకొండు, నిలిచింది ఒక్కటి. దాన్ని ఐదేళ్లు కంటికి రెప్పలా పెంచింది. అదే బుడ్డది.

పొట్టిగా, బొద్దుగా ఉండేవి దాని కూజాలు. పెదవి తండ్రిదే గానీ, మూత లోపల ఊదారంగు చుక్కలు ఉండేవి. అవి అటు తల్లికీ లేవు, ఇటు తండ్రికీ లేవు. ఒకరి పన్ను రంగుకు ఇంకో పన్ను రంగు సరిపోల్చడం అక్కకు వెన్నతో పెట్టిన విద్య. అలాంటి ఆమె కూడా ఆ ఊదాకు జోడీ ఎక్కడా చూడలేదు. కుండీలో గుచ్చిన చీటీ మీద చెల్లి ముందు తల్లి మొక్క పేరు రాసింది, తరవాత గుణకారం గుర్తు, ఆ తరవాత తండ్రి మొక్క పేరు.

"మా మొక్కల వాళ్లలో పద్ధతి ఇంతే అక్కా. తల్లి పేరే ముందు" అని మురిసిపోయింది.

ఆ మరుసటి వేసవిలో చెల్లిని మూడు నెలల శిక్షణకు దూరం పంపారు. వెళ్తూ రెండు డ్రమ్ముల వాన నీళ్లు చూపించి, "కుళాయి నీళ్లు మాత్రం పొయ్యకు. ఏమైనా అనుమానం వస్తే ఫోన్ చెయ్యి" అంది. అక్క నవ్వింది. నిన్ను పెంచినదాన్ని నీ మొక్కల్ని పెంచలేనా అన్నట్టు నవ్వింది.

ఎండ మండిపోయింది. ముద్దు ఎక్కువై పూటకు రెండుసార్లు నీళ్లు పోసింది. రెండు డ్రమ్ములూ ఐదువారాల్లో ఖాళీ. కుళాయి నీళ్లు వద్దంది కదా అని, మంచివి తాగాలి బిడ్డలు అని, పెద్ద పెద్ద సీసాల్లో మినరల్ నీళ్లు కొని మోసుకొచ్చింది. లవణాలున్న నీళ్లు, బలమైన నీళ్లు. కూజా మొక్క పుట్టిందే బలంలేని నేలలో. దాని వేళ్లకు ఆ లవణాలే విషం. అంతకన్నా కడుపు మండే సంగతి ఇంకోటుంది. లవణం ఏదీ లేని స్వేదన జలం డబ్బాలకు డబ్బాలు ల్యాబులో ఆమె మోచేతి పక్కనే ఉండేవి. పింగాణీ పొడి కలిపేది వాటితోనే. ఆ చచ్చిన నీళ్లతో మొక్క ఎలా బతుకుతుంది అనుకుంది ఆ తెలివైన మనిషి.

ఆకుల అంచులు ముందు గోధుమరంగుకు తిరిగాయి. తరవాత కూజాలు ఒక్కొక్కటే ముడుచుకుపోయాయి. ఆమె మరిన్ని మినరల్ నీళ్లు పోసింది.

చెల్లి ప్రతి ఆదివారం పది గంటలకు ఫోన్ చేసేది. "మొక్కలెలా ఉన్నాయక్కా?"

"బాగున్నాయే" అనేది ఆమె. అన్న ప్రతిసారీ గుండెలో రాయి పడేది. అయినా అనేది. వచ్చే ఆదివారానికి తేరుకుంటాయిలే, అప్పుడు చెప్పినా ఒకటే కదా అనుకునేది. అలా ఏడు ఆదివారాలు గడిచాయి.

చెల్లి తిరిగొచ్చిన రోజు డాబా మీద ఒక్క పచ్చటి ఆకు లేదు. అది అరవలేదు, ఏడవలేదు. బుడ్డదాని కాడ వేళ్లతో నలిపి చూసింది. పొడిగా చిట్లింది. దాన్ని పీకేసి కుండీ కడిగింది. మిగతా కుండీలను వాటి ఎండిన మోళ్లతోనే గోడవారగా వరసపెట్టింది. అప్పుడు ఇటు తిరిగింది.

"నీళ్లు తప్పు పోశావ్, సరే. అడిగితే చెప్పేదాన్ని. కానీ ఏడు ఆదివారాలు, అక్కా."

ఆ నెలలోనే దూరాన వేరే ఊరికి బదిలీ పెట్టుకుని వెళ్లిపోయింది. మగ మొక్క ఆఫీసు కిటికీలో ఉండబట్టి బతికి, చెల్లితోపాటే వెళ్లింది. తరవాత ఉలుకూ పలుకూ లేదు. అక్క మూడుసార్లు ఫోన్ చేసింది, మోగింది, ఎత్తలేదు. నాలుగోసారి ఆ నంబరు పనిచెయ్యడం లేదంది. ఈమె మాత్రం తన నంబరు మార్చలేదు. పాత ఫోను పాడైతే బాగు చేయించింది గానీ నంబరు వదల్లేదు. ఆదివారం పదిగంటలకు ఎక్కడ ఉన్నా ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. పదిన్నరకు లేచి, బట్టలు ఉతుక్కునేది.

వానాకాలం వచ్చి వెళ్లింది. ఎవరూ ముట్టని ఆ కుండీల్లో ఒకదాంట్లో, ఎండిన మోడు మొదట్లో నుంచి గోరంత పచ్చటి మొలక పొడుచుకొచ్చింది. కుండీలో మట్టికి బదులు వేసిన నాచును మూడు నెలల వాన కడిగి కడిగి శుభ్రం చేసింది. కుండీ మీద చీటీ చూసింది. తల్లి మొక్క. ఆమె అక్కడే చతికిలబడి, కింది ఇంటావిడ పైకి పరిగెత్తుకొచ్చేలా ఏడ్చింది.

ఆ రోజు నుంచి ఆమె మళ్లీ బడిలో చేరినట్టే అయింది. వాన పట్టడం, నాచు మార్చడం, నీడ గుడ్డ కట్టడం అన్నీ నేర్చుకుంది. కూజా మొక్కల వాళ్లదొక గుంపు ఉందని తెలిసి ఫోనులో అందులో చేరింది. దాన్ని నడిపేది ఒక రిటైరైన పోస్టుమాన్. జీవితమంతా ఉత్తరాలు పంచిన ఆయన ఇప్పుడు విత్తనాలూ పుప్పొడీ పంచుతున్నాడు. ఎవరి దగ్గర మగ పూలు పూసినా పొడి ఆయనకు పంపుతారు, ఆయన ఫ్రిజ్‌లో దాచి అడిగిన వాళ్లకు చేరవేస్తాడు. భార్య ఫ్రిజ్‌లో పాలకు చోటు లేదని రోజూ గొడవ పడుతుందట. గుంపులో ఎవరూ పేర్లు వాడరు. ఈమె అక్కడా పళ్లావిడే.

పూలకాడ కనిపించిన రోజే ఆయనకు ఫోన్ చేసింది.

"బాబాయిగారూ, ఎర్ర పెదవుల మగ మొక్క పుప్పొడి కావాలి. మాది పూస్తోంది. పువ్వులు విచ్చితే వారం పదిరోజుల కన్నా ఆగవు."

"దేనికమ్మా అంత ఆత్రం?"

దాచడం ఆమెకు ఇక ఇష్టం లేదు. బుడ్డదాని గురించి, మినరల్ నీళ్ల గురించి, ఆదివారాల గురించి మొత్తం చెప్పేసింది.

"చూడమ్మా, అదే తల్లి, అదే తండ్రి అయినా అదే పిల్ల మళ్లీ పుట్టదు. తోబుట్టువులు పుడతాయి. ఒకదానికి పొడుగు, ఒకదానికి రంగు. ఆ చుక్కలు రావొచ్చు, రాకపోవచ్చు. ఆశ పెట్టుకోకు."

"మా ఇంట్లో ఆ సంగతి ముందే తెలుసు బాబాయిగారూ. ఒకే తల్లికి పుట్టి, ఒకత్తి అడగందే ఏదీ చెయ్యదు, ఇంకోత్తి చచ్చినా అడగదు."

ఆయన నవ్వాడు. "అడుగుతున్నావుగా ఇప్పుడు. గుంపులో పెడతాను. నువ్వు చెప్పిందంతా పెట్టమంటావా?"

"పెట్టండి. మినరల్ నీళ్ల సంగతి కూడా" అంది.

తొమ్మిది రోజులు కళ్లల్లో వత్తులు వేసుకుని చూసింది. కింది పువ్వులు విచ్చాయి. చిన్న పచ్చటి గుండీల్లాంటి వాటి కొసలు తడిగా మెరుస్తున్నాయి. ఇంకో నాలుగు రోజుల్లో ఎండిపోతాయి. ఆ మధ్యాహ్నం ల్యాబుకే కొరియరు వచ్చింది. పోస్టాయన చీటీ ఒకటి ఉంది. "పంపిన వాళ్లు పేరు చెప్పొద్దన్నారు. నేను చెప్పను. జాగ్రత్తగా విప్పు."

డబ్బాలో దూది, దూదిలో తెల్లకాగితం పొట్లం. నాలుగు మడతలు, లోపలికి దోపిన కొస, బయటికి తీసిన చిన్న చెవి.

ఆమె చేతిలో అప్పటిదాకా ఎవరిదో ముందుపన్ను ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది. ఎవరో ఏదో అడిగారు, వినపడలేదు. ఆ పొట్లాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏ వాసనా లేదు, కాగితం వాసన తప్ప. ప్రాణం లేచొచ్చింది, వెంటనే భయమేసింది. ఇంత దగ్గరికి వచ్చి, పేరు చెప్పొద్దందంటే ఇంకా కోపం పోలేదనేగా? కోపం పోకపోతే మరి పంపడమెందుకు? సాయంత్రం దాకా ఆ రెండు ప్రశ్నల మధ్యే తిరిగింది. ఆ రోజు చేసిన పన్ను రంగు తప్పింది, మర్నాడు మళ్లీ చేసింది.

ఇంటికెళ్లి చెవి పట్టి లాగింది. లోపల చిటికెడు పసుపుపచ్చటి పొడి. పింగాణీ కుంచెతో ఒక్కో పువ్వుకు అద్దింది. కాగితం మాత్రం పారెయ్యలేదు. మడతల గీతలు చెరగకుండా దిండు కింద పెట్టుకుంది.

కాయలు కట్టాయి, గోధుమరంగుకు తిరిగి పగిలాయి. వెంట్రుక ముక్కల్లా సన్నటి గింజలు. సగం మూత పెట్టెలో మొలకెత్తించడానికి తను ఉంచుకుంది. మిగతా సగం తండ్రి నేర్పిన మడతలోనే పొట్లం కట్టింది. దాంతో పాటు పంపడానికి ఉత్తరం రాయబోయింది. ఐదుసార్లు రాసి ఐదుసార్లు చింపింది. క్షమించమని రాస్తే ఇంత గాయానికి ఆ ఒక్క మాటా అనిపించింది, నువ్వు లేక ఇల్లు ఇల్లులా లేదని రాస్తే ఏడిపించడానికి రాసినట్టుంది. చివరికి చీటీ మీద తల్లి పేరు, గుణకారం గుర్తు, తండ్రి పేరు రాసింది. కింద ఒకే ఒక్క వాక్యం రాసింది. "మొలిచాక పెట్టె మూత ఎన్నాళ్లు ఉంచాలి?"

దాన్ని చూసి ఆమెకే ఆశ్చర్యం వేసింది. చెల్లిని ఏదైనా అడగడం జీవితంలో అదే మొదటిసారి. పోస్టాయనకు పంపి, "పొడి పంపిన వాళ్లకు చేర్చండి" అంది. ఆయన ఎవరని అడగలేదు.

నెల గడిచింది. జవాబు రాలేదు. పారదర్శకమైన ప్లాస్టిక్ పెట్టెలో నాచు మీద ఆమె చల్లిన గింజలు మాత్రం మొలిచాయి. నలభై ఒకటి. ఒక్కోటి సూదిమొన కంటే కాస్త పెద్దది. మూడో నెలకు ల్యాబులో వాడే భూతద్దం కంటికి పెట్టి చూస్తే కొన్నింటికి మిల్లీమీటరు కూజాలు కూడా కనిపించాయి. తడి ఆరిపోతుందేమోనని మూత బిగించే ఉంచింది. జవాబు వచ్చేదాకా కదపకూడదనుకుంది. అది మొండితనమో, ఆశో ఆమెకే తెలియదు.

తెల్లటి బూజు ఒక మూల మొదలైంది. దారపుపోగులా నాచు మీద పాకింది. పాకిన చోటల్లా మొలకలు పడిపోయాయి. రోజుకు రెండు, రోజుకు మూడు. పోస్టాయనను అడగొచ్చు, గుంపులో అడగొచ్చు. కానీ తను అడిగిన చెల్లి జవాబు కోసమే ఆగింది. ఎవరినీ అడగని ఆ బుద్ధి పూర్తిగా మారలేదు మరి.

ఆదివారం పదిగంటలు. ఒళ్లో ఫోను. అలవాటుగా కూర్చుంది గానీ చూపు పెట్టె మీదే ఉంది. ఫోను మోగింది. తెలియని నంబరు.

"అక్కా."

ఏడేళ్ల తరవాత ఆ గొంతు కాస్త బరువెక్కింది. మధ్యలో వినపడే ఆ చిన్న ఊపిరి మాత్రం అదే.

"మొలకలెలా ఉన్నాయి?"

'బాగున్నాయే' అన్న మాట నాలుక కొసకు వచ్చేసింది. అంత అలవాటైన మాట అది. ఆమె పెదవులు బిగించింది.

"బాగాలేవే" అంది. "నలభై ఒకటి మొలిచాయి. ఇరవై మూడు పోయాయి. పద్దెనిమిది ఉన్నాయి. తెల్లగా బూజు పడుతోంది. ఏం చెయ్యాలో నాకు తెలియట్లేదు."

ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"నువ్వు పంపినవి ఇక్కడ ఒక్కటీ మొలవలేదక్కా" అంది చెల్లి. "చలి ఎక్కువ. నెలంతా చూశాను, ఇంకో నెల చూశాను. నీకెలా చెప్పాలో తెలియలేదు. అందుకే ఫోన్ చెయ్యలేదు."

"పోనీలే."

"ఏం నీళ్లు పోస్తున్నావ్?"

"వాన నీళ్లే. నీ డ్రమ్ములోవే."

"మూత?"

"బిగించే ఉంచాను. నువ్వు చెప్తావని..."

"తియ్యి."

"ఎప్పుడు?"

"ఇప్పుడే. వెళ్లు. నేను లైన్లోనే ఉంటాను."

ఆమె లేచి, ఫోను పట్టుకునే వెళ్లి, ఒక చేత్తో మూత ఎత్తింది. మూత అడుగున పట్టిన తడి నాలుగు చుక్కలై ఆమె మణికట్టు మీద పడింది. పెట్టెలోంచి మట్టివాసన లేచింది. కిటికీ రెక్క తీసింది.

"తీశాను. గాలి తగులుతోంది."

"బూజు పట్టిన నాచు చెంచాతో తీసెయ్యి. ఎన్ని మిగిలాయో లెక్కపెట్టు. సరిగ్గా లెక్కపెట్టు."

చెంచా తెచ్చి మూల తెల్లబడిన నాచు ఎత్తేసింది. కళ్లజోడు తుడుచుకుంది. కంటికి భూతద్దం తగిలించుకుని, వేలు ముట్టకుండా గాలిలో చూపిస్తూ పైకే లెక్కపెట్టింది. ఒకటి, రెండు, మూడు. అవతల చెల్లి ఊపిరి ఆ అంకెల వెనకే నడిచింది. ఒకదాని కూజా మూత మీద ఏదో చుక్కలాంటిది కనిపించింది. చుక్కో, మట్టో. దాని గురించి ఏమీ అనలేదు. చివరిదాకా లెక్కపెట్టి ఆగింది.

"పదిహేడేనే. ఇందాక తప్పు చెప్పాను" అంది.

"సరే" అంది చెల్లి. కొంచెం ఆగి, "వచ్చే ఆదివారం మళ్లీ లెక్కపెట్టి చెప్పు" అంది.